తేడాగా కనిపించినవి

బావ ఆ గుడ్డసంచిని ప్రయోగశాల బల్ల మీద దించిన తీరు చూస్తే అందులో ఉన్నవి చిక్కుడు గింజలని ఎవరూ అనుకోరు. నిద్రపోతున్న పసిపిల్లని పక్కమీద పడుకోబెడుతున్నాడనుకుంటారు. సంచి తనే కుట్టాడు. దర్జీ కదా, గింజల సంచికి కూడా లోపల అస్తరు వేసి, మూతికి నాడా ఎక్కించి, అంచులు రెండుసార్లు మడిచి మరీ కుట్టాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

"ఇదిగో గీతలమ్మా, మీ అక్క చిక్కుడు. నా పని నేను చేశాను. ఇక నీదే ఆలస్యం," అన్నాడు.

గీతలమ్మ అంటే మరదలు. విత్తన కేంద్రంలో ఆమె పని, ఏ మొక్క ఏ రకమో డీఎన్ఏ చూసి చెప్పడం. ఆకు నూరి, అందులోంచి డీఎన్ఏ బయటికి తీసి, దాని మీద కొన్ని ఎంచుకున్న గుర్తుల్ని యంత్రంలో పెంచి, జెల్ పలకలో కరెంటు పెట్టి పరుగెత్తిస్తుంది. తర్వాత దీపం కింద చూస్తే గీతలు గీతలుగా కనబడతాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో మొక్కకి ఆ గీతలు అలాగ. కంటికి అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు రకాల్ని కూడా అవి విడదీసి చూపిస్తాయి. ఈ సంగతి మొదటిసారి విన్నరోజున బావ, "అంటే నేను టేపుతో కొలిచేది నువ్వు గీతలతో కొలుస్తావన్నమాట," అని ఆ పేరు తగిలించేశాడు. అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకోసం బావ ఆ పేరు పట్టుకుని వేలాడాడు. అక్క పోయి ఐదేళ్ళు దాటినా వదల్లేదు.

అక్క కూడా ఆ కేంద్రంలోనే, చిక్కుడు విభాగంలో పనిచేసేది. తుప్పు తెగులు పట్టిన ఏడాది చిక్కుడు తోటలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆకంతా తుప్పురంగు పొడి కమ్మి, కాయ పట్టకముందే మొక్క ఎండిపోతుంది. ఆ తెగుల్ని తట్టుకునే అడవి చిక్కుడుతో బజారు చిక్కుడుని సంకరం చేసి, ఏళ్ళ తరబడి ఏరి, ఏరి, చివరికి ఒక్క మొక్కని నిలబెట్టింది అక్క. గింజ చూస్తే బజారు చిక్కుడే. కాయ చూసినా అంతే. తెగులు వస్తేనే తేడా తెలిసేది. విభాగం పెద్దాయన ఆ గింజల్ని గుప్పిట్లో ఆడించి, "బజారు చిక్కుడికే కొత్త చొక్కా తొడిగావమ్మా," అన్నాడు. ఇంటికొచ్చి అక్క ఆ మాట చెబితే బావ, "చొక్కాల సంగతి ఆయనకేం తెలుసు, నన్నడగమను," అన్నాడు. ఆ ఏడే చిక్కుడు విభాగం మూసేశారు. శీతల గదిలోని చిక్కుడు పొట్లాలన్నీ చెత్తలో పోశారు. అక్క తన గింజల్ని పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చుకుని, ఊరి చివర బస్సుల షెడ్డు వెనక కాస్త నేల కౌలుకి తీసుకుంది. తర్వాత జబ్బు చేసింది. ఆ తర్వాత అక్క లేదు.

అక్క మిగిల్చిన ఆ ఒక్కదాన్నీ పట్టాలెక్కించాలని బావ పంతం. ఆ చిక్కుడుని కొత్త రకంగా నమోదు చేయించి దానికి అక్క పేరు పెట్టాలి. గింజలు అమ్మే ప్రతి దుకాణంలోనూ ఆ పేరు పలకాలి. పిల్లలు లేరు వాళ్ళకి. ఆ పేరు మోసేది ఇంకేదీ లేదు. అందుకని కత్తెర పట్టిన చేత్తో పార పట్టాడు. పొద్దున పొలం, పగలు మిషన్. దర్జీ వ్యవసాయం అని వీధి వీధంతా వేళాకోళం చేసింది. చేస్తే చేసింది, ఆయన వింటేగా!

కొత్త రకమని ఒప్పుకోవాలంటే మూడు ఉండాలి. ఉన్న రకాలకంటే వేరుగా ఉండాలి. మొక్కలన్నీ ఒకేలా ఉండాలి. ఏటికేడు అలాగే నిలబడాలి. నమోదు సంఘంలో ఇప్పుడు కూర్చున్నది ఎవరనుకున్నారు? ఆ చొక్కా మాటన్న పెద్దాయనే. అందుకే దరఖాస్తు పెట్టకముందే మరదలి చేత ఒకసారి చూపించుకోవాలని బావ సంచి పట్టుకొచ్చాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయే. గుండీలు కుట్టినట్టు. కావాలంటే లెక్కపెట్టుకో," అన్నాడు వెళ్తూ.

చెల్లెలు ట్రేల్లో గింజలు వేసింది. మొలిచాయి. వంకరలేకుండా, ఒక్క ఈడున, చూడముచ్చటగా మొలిచాయి. కాండాలు మాత్రం పచ్చగా ఉన్నాయి. అది చూసి ఆమె మనసులో ఒక్క క్షణం ముల్లు గుచ్చుకున్నట్టయింది. అక్క చిక్కుడికి మొలకప్పుడు కాండం అడుగున వంగపండు రంగు ఉండేది. పూత నాటికి ఆ రంగు వెలిసిపోతుంది కాబట్టి చాలామందికి తెలియదు. అక్క మొలకల ముందు గొంతుక్కూర్చుని, "చూడవే, సాక్సులు తొడుక్కున్నట్టు లేవూ," అనేది. గదిలో ట్యూబులైటు కింద ఆ రంగు సరిగా రాదులే, ఎండ తగలాలి కదా అని చెల్లెలు సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడం ఎంత తేలికో చూడండి.

నలభై మొక్కల ఆకులు తీసింది. పోల్చడానికి పక్కన బజారు చిక్కుడు పెట్టింది. ఫ్రీజర్ అడుగునుంచి ఒక చిన్న ట్యూబు తీసింది. అక్క ఆ మొదటి మొక్క ఆకు తెచ్చి, "దీని గీతలు దాచవే, ఎప్పుడైనా పనికొస్తాయి," అంటే తీసి దాచిన డీఎన్ఏ అది. మూత మీద అక్క చేతిరాత సగం చెరిగిపోయింది.

జెల్ దీపం కింద పెట్టి చూసింది. నలభై వరసలూ ఒకేలా ఉన్నాయి. బావ చెప్పింది నిజమే, గుండీలు కుట్టినట్టే ఉన్నాయి. పక్కన బజారు చిక్కుడూ అలాగే ఉంది. ఆ చివర అక్క ట్యూబు వరస ఒక్కటే వేరేగా, ఒక గీత పైన, రెండు గీతలు కింద, ఎవరితోనూ కలవకుండా నిలబడి ఉంది.

ఎక్కడో పొరపాటు చేసుంటాను అనుకుంది. మళ్ళీ కొత్త ఆకులు తీసి, మందులు మార్చి, గుర్తులు మార్చి చేసింది. ఎన్ని చేసినా గీతలు అదే మాట చెప్పాయి. బావ ఐదేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుకొచ్చింది బజారు చిక్కుడు. ఏ సంతలోనైనా దొరికే బజారు చిక్కుడు.

చిక్కుడు తన పుప్పొడి తనే వాడుకునే మొక్క. పక్క తోటనుంచి గాలికి కలిసిపోయేది కాదు. మరి ఎలా జరిగింది? సంచులే మారిపోయాయా? ఆ సాయంత్రం ఆమె నేరుగా బావ దుకాణానికి వెళ్ళింది. ఎలాగోలా గింజ కలిసిపోయింది బావా, ఎవరి తప్పూ కాదు అని చెప్పాలని దారంతా మాటలు కూడబలుక్కుంది.

బావ బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాడు. పక్కన బల్లమీద అన్నీ ఒకే రంగు, ఒకే కాలరు, దొంతరగా పేర్చి ఉన్నాయి. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. మరదల్ని చూసి సూది తీసి చొక్కా గుడ్డకి గుచ్చాడు.

"ఏమే, గీతలు ఏమన్నాయి?"

"చెప్తాను. ముందు నువ్వొకటి చెప్పు బావా. అక్క చివరిసారి వేసిన పంట గింజలేనా ఇవి? మధ్యలో ఎక్కడైనా బజారు గింజ కలిసిందా?"

"కలవకేం, కలిసింది," అన్నాడు బావ, అదేదో పెద్ద విషయం కానట్టు. "అప్పుడే కలిసింది. మీ అక్క పొట్లానికి చెమ్మ పట్టి సగం పైన మొలవలేదు. ఖాళీలుంటే మొక్కలు అడ్డదిడ్డంగా పెరుగుతాయని తనే మంచం మీదనుంచి చెప్పి ఆ ఖాళీల్లో బజారు చిక్కుడు వేయించింది. తర్వాత నేనొచ్చి విడదీసుకుంటాలెండి అంది. రాలేదుగా. కాయలు కోసినప్పుడు నాకేం తెలుస్తుంది, అన్నీ ఒకే సంచిలో పోశాను."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది, అంతా ఏరేశాగా. నిన్నే అడిగి ఏరాను. మర్చిపోయావా? ఫోను చేసి, పరాయి మొక్కల్ని ఎలా గుర్తుపట్టాలే అంటే నువ్వేగా చెప్పావు."

"ఏం చెప్పాను?"

"'ఎక్కువ మొక్కలు ఎలా ఉన్నాయో చూడు బావా. వాటికి తేడాగా కనిపించినవి పీకెయ్' అన్నావు. ఏదో పనిలో ఉన్నట్టున్నావు, రెండు ముక్కల్లో తేల్చేశావు. ఆ రెండు ముక్కలూ చాలు నాకు. తేడా కుట్టు పట్టుకోవడం మాకు చిన్నప్పటి విద్యేగా."

అన్నది. నిజంగానే అన్నది. ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక చేత్తో జెల్లో మందు పోస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని అన్నది. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎవరడిగినా చెప్పే మాటే అది. పొలంలో కలిసిన పరాయి మొక్కల్ని కేళీలంటారు. ఎప్పుడైనా కేళీలు నూటికి ఒకటో రెండో ఉంటాయి. సగానికి పైగా కేళీలే ఉన్న పొలం ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అనుకోవాల్సింది. ఒక్కసారి వెళ్ళి చూడాల్సింది. అక్క లేని ఆ పొలం గట్టు ఎక్కడానికి మనసొప్పక, ఐదేళ్ళు వెళ్ళకుండా తప్పించుకుంది.

బావ చెప్పుకుపోతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళకి వినేవాళ్ళు దొరికారాయె. "మొలకలప్పుడే తెలిసిపోయేదే. మనవి లేత పచ్చగా ఉండేవి. ఆ బజారువేమో కాండం అడుగున వంగపండు రంగులో, అదోలా ఉండేవి. పూత దాకా ఆగితే ఆ రంగు పోతుంది, దొరకవు. అందుకని తెల్లారకముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి. మొదటి ఏడు గంపలకొద్దీ పీకాను. పోనుపోను తగ్గాయి. పోయినేడు ఒక్కటంటే ఒక్కటే కనిపించింది. దాన్ని పీకి, ఇంటికొచ్చి, మీ అక్క ఫొటో ముందు నిలబడి చెప్పాను. అయిపోయిందోయ్, నీ పొలం శుభ్రమైపోయింది అని. ఈ ఏడు ఒక్కటీ లేదు. అందుకే ఇప్పుడు తెచ్చాను నీ దగ్గరికి."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదీ ఆమె పరిస్థితి. నిజం చెప్తే ఈ మనిషి ఏమైపోతాడు? చెప్పకపోతే రేపు దరఖాస్తు పెడతాడు. సంఘం వాళ్ళు పరీక్ష చేయిస్తారు. బజారు చిక్కుడే అని తేలుతుంది. ఆ పెద్దాయన, "నేనానాడే అన్నానుగా," అంటాడు. అక్క పదేళ్ళ కష్టం అబద్ధమైపోతుంది. పైగా బావ కూడా, పోనీలే, మా ఆవిడ పొరబడిందేమో అనుకుంటాడు. అది తలుచుకుంటే చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. అక్క పొరబడలేదు. అక్క ఎప్పుడూ పొరబడలేదు.

"బావా, ఆ మిషన్ మీద చెయ్యి తియ్యి. నా మాట విను."

బావ చెయ్యి తీశాడు.

"ఆ వంగపండు రంగువే అక్కవి."

బావకి అర్థం కాలేదు. నవ్వబోయాడు. మరదలి ముఖం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె ఆపకుండా అంతా చెప్పేసింది. నలభై వరసల గురించి, ట్యూబు గురించి, సాక్సులు తొడుక్కున్నట్టు ఉండే మొలకల గురించి. "తప్పు నాది బావా. నేను చూడకుండా చెప్పాను. నేను చెప్పినట్టు నువ్వు చేశావు, అంతే," అంది.

బావ మెడలోంచి టేపు తీసి చుట్టి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ చుట్టాడు.

"ఎక్కువున్నవి మనవే అనుకున్నానే," అన్నాడు చివరికి. "తక్కువున్నవి పరాయివి అనుకున్నాను."

"ఎవరైనా అలాగే అనుకుంటారు."

"గట్టు మీద పారేసేవాణ్ణి. ఎండిపోయాక తొక్కుకుంటూ నడిచేవాణ్ణి." దొంతరలోంచి ఒక చొక్కా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో బడిపిల్లవాడి చొక్కా. అందులో ముఖం దాచుకుని, పెద్ద మగవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. చెల్లెలు పక్కన స్టూలు మీద కూర్చుని తనూ ఏడ్చింది. వీధిలో పోయేవాళ్ళు తొంగిచూసి వెళ్ళారు.

కాసేపటికి చొక్కా దించి అడిగాడు. "పోయినేడు ఆ ఒక్కటీ. దాన్ని పీక్కుండా వదిలేసుంటే?"

ఒక్క మొక్క చాలు. ఒక్క మొక్కకి కాయలు కాస్తాయి, కాయల్లో గింజలుంటాయి, రెండేళ్ళలో పొలమంతా అక్క చిక్కుడే అయ్యేది. అక్క మొదలుపెట్టింది కూడా ఒక్క మొక్కతోనే. ఆ సంగతి చెల్లెలికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

"ఒక్కటి చాలదు బావా," అంది. "ఒక్కదానితో రకం నిలబడదు. అప్పటికే ఆలస్యమైపోయింది."

గీతలు అబద్ధం చెప్పవు. గీతలమ్మ చెప్పింది.

బావ తలూపాడు. ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. మర్నాడు ప్రయోగశాలకి వచ్చి ఆ ట్యూబు చూస్తానన్నాడు. చూపించింది. అడుగున నీటిబొట్టంత కూడా లేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మొత్తం అదేనా?"

"మొత్తం అక్క చిక్కుడే. ఏ గీత ఎక్కడుండాలో అంతా ఇందులో ఉంది."

"మరి ఇది మట్టిలో పెడితే?"

"మొలవదు బావా."

బావ ట్యూబు చల్లగా ఉండాలి కదా అని తనే జాగ్రత్తగా తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

చెల్లెలికి అక్కడితో మనసు ఊరుకోలేదు. జెల్ ఫొటో పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళింది. కోపంగానే వెళ్ళింది. బజారు చిక్కుడు వరస ఇది, మా అక్క మొక్క వరస ఇది, రెండూ ఒకటేనా చూసి చెప్పండి అంది. ఆయన కళ్ళజోడు మార్చుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. దుర్మార్గుడేం కాదు పాపం, ముఖం చిన్నబోయింది.

"వేరే రకమేనమ్మా. నేనే తొందరపడి మాటన్నాను," అన్నాడు. తర్వాత ఫొటో ఆమె వైపు జరిపి అడిగాడు. "గింజేదమ్మా?"

గింజ లేని రకానికి పేరెక్కడ పెడతారు? ఆమె ఫొటో మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. దరఖాస్తు సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

బావ పొలం మానేస్తాడనుకుంది. మానలేదు. మళ్ళీ విత్తే వేళకి అదే సంచిలోని గింజలు తీసుకెళ్ళి వేశాడు. బజారు చిక్కుడని తెలిసీ వేశాడు. మొలకలొచ్చిన రోజుల్లో ఒక ఉదయం ఫోను చేశాడు. "ఒకసారి వచ్చి చూసి పోవే. ఇక్కడొకటి తేడాగా ఉంది."

ఐదేళ్ళ తర్వాత ఆమె ఆ గట్టు ఎక్కింది. బస్సుల షెడ్డు గోడ వెనక పొద్దు ఇంకా సరిగా పైకి రాలేదు. బావ సాలు మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దగ్గర పంట్లాం మట్టికొట్టుకుపోయింది. ఒక్కో మొలకనీ రెండు వేళ్ళతో కాస్త వంచి, కాండం అడుగు చూసి, మళ్ళీ నిలబెట్టి, పక్కదానికి జరుగుతున్నాడు. ఐదేళ్ళు తేడా వాటిని పీకిన చేతులే అవి. ఇప్పుడు తేడాది ఒక్కటి దొరుకుతుందేమోనని వెతుకుతున్నాయి.

"ఇదిగో, ఇది చూడు. అడుగున కాస్త రంగు లేదూ?"

ఆమె వంగి చూసింది. ఎండకి కాండం ఒకవైపు కాస్త కందింది, అంతే. ఏ మొక్కకైనా అలా అవుతుంది. చూడగానే తెలిసిపోయింది.

"ఒక్కటి చాలదన్నావుగా," అన్నాడు బావ, ఆమె ముఖం వైపు చూడకుండా. "అందుకని ఇంకోటి కూడా దొరుకుతుందేమో చూస్తున్నాను. అటు సగం ఇంకా చూడలేదు. రెండుంటే సరిపోతాయా? పోనీ మూడా?"

ఏ మాట చెప్పి ఆయన్ని కాస్త బతికించాననుకుందో ఆ మాటే ఆయన్ని ఇక్కడ మట్టిలో కూర్చోబెట్టింది. ఇప్పుడు ఏం చెప్పాలి? ఒక్కటి చాలు అంటే ఆ పీకేసిన ఒక్కటి గుర్తొస్తుంది. ఇది అది కాదు అంటే ఈ ఉదయం కూడా పోతుంది.

ఆమె సంచిలోంచి చిన్న కవరు తీసింది. ఆ మొలకకి ఉన్న రెండాకుల్లో ఒకదాని అంచు గోటితో తుంచి కవర్లో వేసి, పైన తేదీ రాసింది.

"పరీక్ష చేసి చెప్తాను బావా," అంది.

"నిదానంగానే చెయ్యి. తొందరేం లేదు," అని బావ పక్క మొక్కకి జరిగాడు. ఆమె చెప్పులు విడిచి గట్టు మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆ పక్క సాలులో దిగి కూర్చుంది. మొదటి మొలకని వంచి చూసింది. పచ్చగానే ఉంది.